పిల్లలతో జంతువుల మాస్కులు: పేపర్ ప్లేటు వదిలేయండి, పాత శుభలేఖలు బయటికి తీయండి

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. పాపకు 4 ఏళ్లు, బాబుకు 7. సంక్రాంతి సెలవుల్లో మీ అపార్ట్‌మెంట్ పిల్లలు 8 మంది కలిసి చిన్న అడవి నాటిక వేస్తున్నారు. సింహం, కుందేలు, ఏనుగు, కోతి, నక్క, ఎలుగుబంటి లాంటివి కావాలి. పేపర్ ప్లేటుకు కళ్లు కత్తిరించి రబ్బరు బ్యాండు కడితే రెండో రోజుకే చిరిగిపోయింది. పైగా అన్న మాస్కు పెట్టుకోగానే పాప ఏడుస్తోంది. పది రోజులే టైముంది. కాగితం, మైదా జిగురుతో గట్టి మాస్కులు చేయాలా, ఇంకేదైనా తేలిక పద్ధతి ఉందా అన్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. పది రోజుల్లో ఎనిమిది మాస్కులంటే మైదా జిగురు జోలికి వెళ్లకండి. పలచటి అట్టతో, నుదుటి నుంచి ముక్కు వరకే వచ్చే సగం మాస్కులు చేయండి. ఆ అట్టకు నాలుగు డార్టులు (బ్లౌజుకు పెట్టే మడతల్లాంటివి, ఎలాగో కింద చెప్తాను) పెట్టండి. పాపకైతే ముఖానికి కట్టే మాస్కే వద్దు. పుల్లకు అతికించి చేత్తో పట్టుకునేది చాలు.

నేను హైస్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఎండాకాలం సెలవుల్లో మా వీధి పిల్లలకు ఇంటి వరండాలోనే బొమ్మలూ మాస్కులూ నేర్పిస్తుంటాను. కింద రాసినవన్నీ చేసి, కొన్ని చెడగొట్టి తెలుసుకున్నవే.

ప్లేటు ఎందుకు చిరిగిందంటే, రబ్బరు బ్యాండు లాగే బలమంతా అంచు దగ్గరున్న ఒక్క చిన్న చిల్లు మీదే పడుతుంది. దానికి పిల్లల చెమట తోడైతే ఇక చెప్పేదేముంది. చిరగకపోయినా ప్లేటు మాస్కు ముఖం ముందు పళ్లెంలాగే ఉంటుంది తప్ప జంతువు ముఖంలా ఉండదు.

అట్ట ఎక్కడ దొరుకుతుందని కొనడానికి పరుగెత్తకండి. మన ఇళ్లలో బీరువా పైన పాత శుభలేఖల కట్ట ఒకటి కచ్చితంగా ఉంటుంది. పెద్ద శుభలేఖ మడత విప్పితే ఏడేళ్ల పిల్లవాడి సగం ముఖానికి హాయిగా సరిపోతుంది. వంచితే వంగుతుంది, విరగదు. అచ్చు ఉన్న వైపు లోపలికి పెట్టి వెనక వైపు రంగు వేసుకోవచ్చు. వినాయకుడి బొమ్మ, పసుపు కుంకుమ అంటిన కార్డులు కత్తిరించడానికి కొందరు పెద్దవాళ్లు ఒప్పుకోరు. మీ అత్తగారినో అమ్మగారినో ఒక మాట అడిగి మొదలుపెట్టండి, తర్వాత గొడవ ఉండదు. శుభలేఖలు లేకపోతే కొత్త చొక్కా మడతలో వచ్చే అట్ట, మిఠాయి పెట్టె మూత కూడా బాగుంటాయి. టీవీ, ఫ్రిజ్ డబ్బాల గరుకు అట్ట మాత్రం ముఖానికి వద్దు. లోపల గీతలుంటాయి కదా, వాటి వెంట ఒక్క దిక్కుకే వంగుతుంది. దాన్ని కొమ్ములకూ పెద్ద చెవులకూ వాడుకోండి.

పోకాకు ప్లేట్లు, అంటే వక్క చెట్టు మట్టతో చేసేవి, కూడా ఒకసారి ప్రయత్నించండి. వాటికి సహజంగానే గుంట ఉంటుంది కాబట్టి ముఖానికి పొందికగా కూర్చుంటాయి. ఆ గీతలూ గోధుమ రంగూ ఎలుగుబంటికీ కోతికీ రంగు వేయకుండానే సగం పని చేసేస్తాయి. ఎండుగా కత్తిరిస్తే పగులుతుంది. తడి గుడ్డ కాసేపు కప్పి ఉంచి, మెత్తబడ్డాక పెద్దవాళ్లే కత్తిరించాలి. అంచులు గీసుకుంటాయి, చుట్టూ టేపు వేయండి.

థర్మాకోల్ ప్లేటు అసలు వద్దు. ముక్కలుగా రాలిపోతుంది, వేడి జిగురు కార్చే గ్లూ గన్ తగిలితే కరిగిపోతుంది. పైగా 2022 జులై 1 నుంచి అలంకరణకు వాడే థర్మాకోల్ మీద దేశమంతా నిషేధం ఉంది.

ఇప్పుడు అసలు కిటుకు. మా అమ్మ బ్లౌజులు కుట్టేది. చదునైన గుడ్డ ఒంటికి సరిపడా గుండ్రంగా ఎలా మారుతుందో చిన్నప్పుడు ఆమె పక్కన కూర్చుని చూసిందే నాకు మాస్కుల్లో పనికొచ్చింది. బ్లౌజుకు డార్టు పెట్టినట్టే అట్టకూ పెట్టాలి. మాస్కు ఆకారం కత్తిరించాక నుదుటి అంచున రెండు చోట్ల, కింద బుగ్గల దగ్గర రెండు చోట్ల లోపలికి 4 సెంటీమీటర్ల చీలిక పెట్టండి. ఒక్కో చీలిక దగ్గర ఒక అంచును రెండో అంచు మీదికి 1 సెంటీమీటరు జరిపి అతికించండి. అంతే, చదునుగా ఉన్న అట్ట గిన్నెలా ముందుకు ఉబుకుతుంది. బుగ్గల దగ్గర కొంచెం ఎక్కువ జరిపితే ముఖం కోలగా అవుతుంది, నక్కకు అది కావాలి. నుదుటి దగ్గర ఎక్కువ జరిపితే తల గుండ్రంగా వస్తుంది, సింహానికి అది బాగుంటుంది. మీ బాబుకు ఈ పని నేర్పండి. ఏడేళ్లవాడికి ఇది ఇంద్రజాలంలా ఉంటుంది. వేసవి తరగతుల్లో అల్లరి పిల్లలు కూడా నోరు మూసుకుని చూసే ఘట్టం ఇదొక్కటే.

జిగురు ఆరేలోపు డార్టు విడిపోతుంటే బట్టలకు పెట్టే క్లిప్పు పెట్టండి. స్టాప్లర్ కొడితే పిన్ను కాళ్లు బయటి వైపు రావాలి, వాటి మీద టేపు వేయాలి. లోపలి వైపు వస్తే ముఖం గీసుకుంటుంది.

కళ్ల చిల్లులే చాలామంది తప్పు చేసే చోటు. ప్లేటు ముందు కూర్చుని అందాజాగా రెండు గుండ్రాలు గీస్తారు, అవి ఎప్పుడూ ఎడంగా వస్తాయి. ఈ వయసు పిల్లలకు రెండు కనుపాపల మధ్య దూరం దాదాపు 5 నుంచి 5.5 సెంటీమీటర్లు ఉంటుంది. పిల్లవాణ్ణి నిలబెట్టి ముక్కు మీద స్కేలు అడ్డంగా ఆనించి మీరే చూసుకోండి. మాస్కు ముఖం మీద పెట్టి పెన్నుతో పొడిచి గుర్తు పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. ఒక్కో చిల్లు అడ్డంగా 3 సెంటీమీటర్లకు తగ్గకుండా, కింది వైపు కొంచెం ఎక్కువ తెరిచి ఉండాలి. ఎదురుగా ఏముందో కనిపించడం కంటే కాళ్ల దగ్గర ఏముందో కనిపించడం ముఖ్యం. ఒక వార్షికోత్సవంలో నేను చేయించిన ఏనుగు మాస్కుకు కళ్లు చిన్నవిగా, అందంగా ఉండాలని పట్టుబట్టాను. ఆ పిల్లవాడు స్టేజీ మెట్టు కనిపించక జారిపడ్డాడు. మోకాలు గీసుకుపోవడంతో సరిపోయింది కానీ ఆ తప్పు నాదే. అప్పటి నుంచి జంతువు కళ్లు నుదుటి మీద పెద్దవిగా గీయిస్తాను, పిల్లవాడు చూసే చిల్లులు వాటి కింద ముదురు రంగులో కలిసిపోతాయి. నాలుగు గజాల దూరం నుంచి చూసేవాళ్లకు గీసిన కళ్లే కనిపిస్తాయి.

సగం మాస్కే ఎందుకంటున్నానంటే, నోరు మూసేస్తే మాట వినపడదు. మీ పిల్లలు డైలాగులు చెప్పాలి కదా. ఊపిరికి ఇబ్బంది ఉండదు, మధ్యలో నీళ్లు తాగొచ్చు. గడ్డం, మూతి దగ్గర కావాలంటే కాటుకతో నాలుగు చుక్కలు, మీసాలు గీస్తే సరిపోతుంది.

ముట్టె కావాలన్న జంతువులకు టీ తాగే పేపర్ కప్పు అడుగు నుంచి 3 సెంటీమీటర్ల ఎత్తున కోసి బోర్లించండి. ఎలుగుబంటి, పంది, కుక్క దేనికైనా అదే ముక్కు. పిల్లల ముక్కు కింద ఆనకుండా మాస్కులో ముక్కు దగ్గర త్రికోణం కోసి, దాని మీద కప్పు కూర్చోబెట్టాలి. ఊపిరి ఆడడానికి కప్పు కింది వైపు ఒక పెద్ద చిల్లు ఉండాలి.

దూరం నుంచి జంతువును పట్టించేది చెవులే. రంగుల మీద మూడు రోజులు పెట్టి చెవులు చివరి నిమిషంలో అతికించేవాళ్లను చాలామందిని చూశాను. ముందు చెవులు చేయండి. పిల్లల్ని కూర్చోబెట్టి "పిల్లికి చెవులు ఎక్కడుంటాయి, నెత్తి మీదా పక్కలకా?" అని అడగండి. వీధిలో మేకనూ ఆవునూ చూసి రమ్మనండి. చెవులు పక్కలకు వాలి ఉన్నాయని, కళ్లు కూడా పక్కలకే ఉన్నాయని వాళ్లే వచ్చి చెప్తారు. పులికీ పిల్లికీ కళ్లు ఎదురుగా ఎందుకు, మేకకూ కుందేలుకూ పక్కలకు ఎందుకు? వేటాడేది ఎదుటి దూరం అంచనా వేయాలి, వేటకు దొరికేది చుట్టూ కనిపెట్టుకోవాలి. మాస్కు మీద కళ్లు గీసేటప్పుడు ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే కుందేలు పిల్లిలా కనిపించదు.

ఇంకో మాట. మన పిల్లలు గీసే జంతువులన్నీ కార్టూన్లలోంచి దిగినవే. ఏనుగంటే చాటంత చెవులు గీస్తారు, అవి ఆఫ్రికా ఏనుగువి. గుళ్లో చూసే మన ఏనుగు చెవులు చాలా చిన్నవి. నక్కకు నారింజ రంగు పూస్తారు. మన కథల్లో నక్క దుమ్ము రంగులో, గోధుమ బూడిద కలిసినట్టు ఉంటుంది. ఎలుగుబంటి అంటే గుండ్రటి మూతి ఉన్న టెడ్డీ బొమ్మ గీస్తారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జీడితోటల్లోకి వచ్చే మన ఎలుగుబంటికి మూతి పొడుగ్గా, పాలిపోయినట్టు ఉంటుంది, ఛాతీ మీద తెల్లటి గుర్తు ఉంటుంది. పేపర్ కప్పు ముక్కు దానికే బాగా కుదురుతుంది. నల్ల చొక్కా మీద సుద్దముక్కతో ఆ గుర్తు గీస్తే వేషం పూర్తవుతుంది. అలాగని పిల్లలు నీలం రంగు నక్క కావాలంటే కాదనకండి. మీ నాటికలో అలాంటి నక్క ఉన్నా ఉండొచ్చు.

ఏనుగు తొండం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అందరూ అక్కడే చేతులెత్తేస్తారు. అట్టతో చేస్తే బరువుకు మాస్కు ముందుకు వాలిపోతుంది. పాత లెగ్గింగ్ కాలు ఒకటి కోసి, లోపల న్యూస్‌పేపరు ఉండలు వదులుగా కూరి, పై చివర మాస్కు లోపలి వైపు కుట్టేయండి. అట్టకు సూదితో చిల్లులు పెట్టి దారం వేస్తే జిగురు కంటే గట్టిగా నిలుస్తుంది. తొండం పిల్లవాడి గడ్డం దాటి రెండు జానలకు మించొద్దు, కాళ్లకు తగులుతుంది. సింహం జూలుకు ఉన్ని బాగుంటుంది. కొబ్బరి పీచు చూడ్డానికి ఇంకా బాగుంటుంది కానీ దురద పెడుతుంది. ఒకసారి పెట్టాను, సింహం నాటికంతా మెడ గోక్కుంటూనే ఉంది. మీసాలకు చీపురు పుల్లలు వద్దు, పక్క పిల్లల కళ్లలో గుచ్చుకుంటాయి. లావు దారం ముక్కలు జిగురులో ముంచి ఆరబెడితే నిలబడతాయి.

కట్టడానికి రబ్బరు బ్యాండు వద్దు, జుట్టు పీకుతుంది. టైలరింగ్ సామాను షాపులో దొరికే చదును ఎలాస్టిక్ తీసుకోండి. అట్టకు ఇరువైపులా, చెవుల పైన వచ్చేలా, లోపలా బయటా రెండు పొరల టేపు వేసి అప్పుడు చిల్లు పెట్టండి. ఇది చేసుంటే మీ ప్లేటు కూడా ఇంకో రెండు రోజులు ఆగేది. ఎలాస్టిక్ తల వెనక నుంచే వెళ్లాలి. జారిపోతోందని మెడ చుట్టూ తాడు కట్టడం ఎంతమాత్రం వద్దు.

రంగులకు మామూలు పోస్టర్ కలర్ చాలు. ఒకటే చిక్కు, చెమటకు కరుగుతుంది. నాటిక అయ్యాక మాస్కు తీస్తే ఒక పిల్లవాడి ముఖం పసుపుగా ఉంది, వాళ్ల అమ్మ కామెర్లు వచ్చాయని కంగారుపడింది! లోపలి వైపు రంగు తగలనివ్వకండి, నుదుటి దగ్గర మెత్తటి పాత కాటన్ గుడ్డ ముక్క అతికించండి. ఎనామిల్ పెయింట్లు, స్ప్రే పెయింట్లు ముఖానికి పెట్టుకునే వస్తువు దగ్గరికి రానివ్వొద్దు. గ్లూ గన్ మీ చేతిలోనే ఉండాలి, బాబు ఎంత బతిమాలినా సరే.

పాప సంగతి. నాలుగేళ్ల పిల్ల మాస్కుకు భయపడడం లోపం కాదు, టెన్షన్ పడకండి. తెలిసిన ముఖం చటుక్కున మాయమై ఇంకోటి వస్తే ఆ వయసుకు గుండె ఝల్లుమంటుంది. దసరాకు ఒళ్లంతా రంగు పూసుకుని పులివేషం వీధిలోకి వస్తే నేను ఆరేళ్లప్పటి దాకా గాదె వెనక దాక్కునేదాన్ని. మా నాన్న ఒక ఏడు నన్ను ఆ వేషగాళ్లు రంగు పూసుకునే చోటికే తీసుకెళ్లాడు. కళ్లముందే ఒక మామూలు మనిషి బీడీ కాలుస్తూ పులిగా మారడం చూశాను. ఆ తర్వాత భయం లేదు. మీరూ అదే చేయండి. పాప ముందే మాస్కు తయారు చేయండి. మొదట ఆమె బొమ్మకు పెట్టండి, తర్వాత మీ చేతికి, తర్వాత అద్దం ముందు మీ ముఖానికి పెట్టి, తీస్తూ పెడుతూ ఉండండి. ఐస్‌క్రీం పుల్లకు అతికించిన కుందేలు ముఖం ఆమె చేతికివ్వండి. కావాలనుకున్నప్పుడు ముఖం ముందు పెట్టుకుంటుంది, వద్దనుకుంటే దించేస్తుంది. ఎప్పుడు పెట్టుకోవాలన్నది తన చేతిలో ఉంటే ఏడవదు. నాటిక రోజు అసలు పెట్టుకోనన్నా బలవంతం చేయకండి, రెండు చెవులున్న హెయిర్ బ్యాండు పెట్టి కుందేలును స్టేజీ ఎక్కించండి.

ఈ వయసు పిల్లలు ఒక పని మీద పావుగంట, ఇరవై నిమిషాలకు మించి కూర్చోరు. ఒక్క రోజులో పూర్తి చేద్దామనుకుంటే చివరికి మాస్కు మీరే చేస్తారు. మొదటి రోజు చెవులు, రెండో రోజు కత్తిరింపు, డార్టులు, మూడో రోజు రంగు, ఆ మర్నాడు ఎలాస్టిక్. పాపకు కాగితం చింపడం, జిగురు పూయడం, ఉన్ని అతికించడం అప్పగించండి. గుండ్రటి మొన కత్తెర ఉంటే బాబు బయటి అంచు కత్తిరిస్తాడు, కళ్ల చిల్లులు మాత్రం మీరే. ఎనిమిది మందినీ ఒకేసారి కూర్చోబెట్టకండి, నలుగురు చొప్పున పిలవండి. ఉక్కగా ఉంటే మధ్యలో మాస్కు తల వెనక్కి తిప్పి పెట్టుకోనివ్వండి. 1980ల్లో సుందర్‌బన్స్ అడవుల్లోకి తేనెకూ కట్టెలకూ వెళ్లేవాళ్లు పులి వెనక నుంచి దూకుతుందని తల వెనక మనిషి ముఖం మాస్కు పెట్టుకునేవాళ్లు. ఈ సంగతి చెబితే రిహార్సల్ అంతా వెనక్కే పెట్టుకుంటారు, అది వేరే సమస్య.

నాటిక అయ్యాక తీరిగ్గా గట్టి మాస్కు చేయాలనిపిస్తే, అప్పుడు పేపరు పొరల పద్ధతి పట్టండి. గ్లాసు మైదాను ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మొత్తం ఐదు గ్లాసుల నీళ్లతో సన్నని మంట మీద జావలా కాస్త నిగనిగలాడే వరకు ఉడికించండి. బుక్ బైండింగ్ చేసేవాళ్లు పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలు వేళ్లు ముంచే జిగురులో కలపకూడదు. మీరు ఏ రోజుకు ఆ రోజు కాచుకోండి. న్యూస్‌పేపరును కత్తెరతో కాకుండా చేత్తో రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా చింపితే అంచులు బాగా అతుక్కుంటాయి. ఒక పొర తెలుగు పేపరు, దాని మీద ఒక పొర ఇంగ్లీషు పేపరు వేయండి. ఎక్కడ పొర తప్పిందో పిల్లలకు కూడా కంటికి తెలిసిపోతుంది. నాలుగు పొరలు చాలు. అచ్చుగా బెలూన్ వాడమంటారు. నేనూ వాడి ఎండలో పెట్టాను. లోపలి గాలి వేడెక్కి ఉబ్బి పగిలింది, ఆరీ ఆరని పులి ముఖం కుదేలైంది. బోర్లించిన స్టీలు గిన్నెకు పాలిథిన్ కవరు చుట్టి దాని మీద వేయడం మేలు. సంక్రాంతి ఎండకు ఒకటి రెండు రోజుల్లో ఆరుతుంది, వర్షాకాలంలో అయితే బూజు పట్టాకే ఆరుతుంది.

సిద్దిపేట జిల్లా చేర్యాల వైపు వెళ్తే నకాషీ కళాకారులు చేసే మాస్కులు పిల్లలకు చూపించండి. రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతో ముఖాలు తీర్చి రంగులు వేస్తారు. పిల్లలు వాటిని చేత్తో పట్టుకుని చూస్తే అట్ట ఎందుకు వంచమన్నానో ఇంకా బాగా తెలుస్తుంది. ఇంట్లో చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉడికించి నేనొకసారి చేశాను. జిగురు అద్భుతంగా వచ్చింది, మిక్సీ జార్ మాత్రం మళ్లీ చట్నీకి పనికిరాలేదు.

దాచుకోవడం గురించి కూడా చెప్పి ఆపేస్తాను. మైదా పూసిన మాస్కుల్ని అటక మీద పడేస్తే చీమలు, బొద్దింకలు, ఎలుకలు వదలవు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, పూర్తిగా ఆరాక, ఎండు వేపాకు వేసి పెట్టండి. నేను అట్టపెట్టెలో పెట్టాను. మరుసటి ఏడు తీసేసరికి మిగతావన్నీ బాగానే ఉన్నాయి, సింహానికి మాత్రం ముక్కు లేదు, ఎలుక తినేసింది. కొత్తది చేద్దామంటే పిల్లలు ఒప్పుకోలేదు. ఆ ఏడాది నాటికలో సింహం ముక్కు లేకుండానే వచ్చింది, అది ఎలా పోయిందో చెప్పడానికి ఎలుక పాత్ర ఒకటి కొత్తగా చేర్చాల్సి వచ్చింది.